రమజాన్ నెలలో మధ్యాహ్న భోజనం

మా పెద్దమ్మాయి ఉపవాసాలను చూసి మేమిద్దరమూ మురిసిపోయిన రోజులున్నాయి. ఆ సంగతి ముందుగా ఒప్పుకోకుండా తక్కిన కథ చెప్పటం న్యాయం కాదు. రమజాన్ ముగిసింది, షవ్వాల్ ఆరు రోజాలు పూర్తయ్యాయి, ఆ తరువాత ప్రతి సోమవారం, గురువారం నఫిల్ రోజాలు మొదలయ్యాయి. ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లకు ఇంత దైవభక్తి అబ్బటం మీ అదృష్టమని బంధువులు అన్నారు. మేమూ అలాగే అనుకున్నాము. ఇఫ్తార్ వేళ ఆమె పళ్ళెంలో ఒక ఖర్జూరం, రెండు దోసముక్కలు ఉండేవి. సహరీకి లేపితే నీళ్ళు తాగి పడుకున్నానని చెప్పేది. మరోవైపు వంటల వీడియోలు గంటల తరబడి చూసేది. తమ్ముళ్ళకు డబల్ కా మీఠా స్వయంగా చేసి పెట్టేది. తాను చెంచాడు కూడా నోట పెట్టేది కాదు. ఎంతటి త్యాగగుణమో అని దాన్నీ మెచ్చుకున్నాము.

జూన్ మొదటివారంలో, గుంటూరు ఎండ నిప్పులు కురుస్తున్న మధ్యాహ్నం, ఆమె ఫ్యాను ఆపి దుప్పటి కప్పుకొని వణుకుతూ కనిపించింది. అప్పుడు మొదటిసారిగా భయం వేసింది. నెలసరి ఆగిపోయి చాలాకాలమయిందని ఆ రోజే తెలిసింది. ఒక వైద్యులు రక్తహీనత అన్నారు, టానిక్ రాశారు. నజర్ తగిలిందని ఒక బంధువు అన్నారు. మూడవచోట, మానసిక వైద్యులు ఆమెతో గంటసేపు మాట్లాడి, మమ్మల్ని లోపలికి పిలిచి, అనొరెక్సియా నెర్వోసా అని జబ్బు పేరు చెప్పారు. ఆ పేరు మేము అంతకుముందు వినలేదు. నాడి చాలా మందంగా కొట్టుకుంటున్నదని అదే సాయంత్రం ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

ఇంటి నుంచి క్యారియర్లు తీసుకువెళ్ళాము. నేతి పరాటాలు, ఖీమా, ఖీర్. వైద్యులు వాటిని తెరవనివ్వలేదు. చాలాకాలం ఆకలితో మాడిన శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం వేగంగా పడిపోతాయట. గుండె లయ తప్పి ప్రాణాపాయం కలగవచ్చునట. తినకపోతే ప్రమాదమని తెలుసుగాని తినటంలో కూడా ప్రమాదముంటుందని ఎవరికి తెలుసు? ప్రతిరోజూ రక్తపరీక్ష చేస్తూ, విటమిన్లు ఇస్తూ, ఆహారాన్ని మెట్టు మెట్టుగా పెంచుతూ వచ్చారు. ఇటువంటి బిడ్డ ఉన్న ఇంట ఎవరైనా ఈ మాట చదువుతుంటే, మొదటి రోజులలో తినిపించే పని వైద్యుల కనుసన్నలలోనే జరగాలని వారికి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము.

ఇంటికి పంపేటప్పుడు వైద్యులు మాకొక పాత ప్రయోగం గురించి చెప్పారు. 1944లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో దాన్ని ప్రారంభించారు. వారు ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చినవారే. ఆరు నెలలపాటు వారికి అరకొర భోజనం పెట్టారు. వారు చలికి వణికారు, చిరాకుపడ్డారు, ఒంటరిగా ఉండసాగారు. రాత్రింబవళ్ళు తిండి ఆలోచనే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. మళ్ళీ భోజనం పెంచిన తరువాత కూడా కోలుకోవటానికి నెలలు పట్టింది. మామూలు మనిషి తినేదానికన్నా చాలా ఎక్కువ తింటేగాని వారి శరీరాలు నిలదొక్కుకోలేదు. మా ఇంట్లో వంటల వీడియోలు, ఆ దుప్పటి, ఆ చిరాకు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. జబ్బు మొదలవటానికి కారణాలు వేరే ఉంటాయి, కాని అందులో చాలా భాగాన్ని ఆకలే పెంచి పోషిస్తుంది. అందుకే మొదటి మందు అన్నమేనని వైద్యులు అన్నారు.

రోజుకు ఆరుసార్లు. మూడు పూటలా భోజనం, మధ్యలో మూడుసార్లు పాలు, గుడ్లు, ఖర్జూరాలు, వేరుశనగ ఉండలు. ఎంత తినాలో ఆమె నిర్ణయించరాదు, మేము వడ్డించాలి. మాలో ఒకరు పక్కన కూర్చొని పళ్ళెం ఖాళీ అయ్యేవరకు లేవకూడదు. తిండి గురించి, బరువు గురించి మాట్లాడకూడదు. కాగితం మీద ఇది నాలుగు వాక్యాల పని. ఇంట్లో మాత్రం ఒక్కొక్క పూట యుద్ధమయింది. అన్నం మీద నెయ్యి వేస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగేవి. దుపట్టా కొంగులో రొట్టె ముక్కలు దొరికాయి. ఒక రాత్రి మాలో ఒకరు సహనం కోల్పోయి పళ్ళెం గోడకు విసిరికొట్టారు. మా చిన్నవాడు ఆ అన్నం మెతుకులు ఏరుతూ ఏడవటం ఇప్పటికీ మరచిపోలేము. మరునాడు వైద్యులు మమ్మల్ని తప్పుపట్టలేదు. అబద్ధమాడేది మీ అమ్మాయి కాదు, ఆమెను పట్టుకున్న జబ్బు, కోపమంతా దాని మీద ఉంచండి, పళ్ళెం మాత్రం మళ్ళీ పెట్టండి, అన్నారు.

ఆమె బాధ కూడా నటన కాదు. ఎన్నాళ్ళో ఖాళీగా ఉన్న కడుపు తిన్నదాన్ని ఆలస్యంగా కిందికి పంపుతుంది. అందువల్ల నాలుగు ముద్దలకే ఉబ్బరం, వికారం. పాదాలు వాచాయి. పెరిగిన కొద్దిపాటి బరువూ ముందు పొట్ట దగ్గరే చేరింది. అది కాలక్రమంలో శరీరమంతా సర్దుకుంటుందని వైద్యులు ఎంత చెప్పినా అద్దం ముందు నిలబడిన పిల్లకు ఆ మాట వినిపించదు. ఆసుపత్రిలో బరువు చూసేటప్పుడు ఆమెను వెనక్కి తిప్పి నిలబెట్టేవారు. మేము కూడా ఇంట్లోని తూకం యంత్రాన్ని ఎవరికో ఇచ్చివేశాము. ఈ వ్యాసంలో అంకెలు రాయకపోవటానికి కారణమూ అదే. ఏ ఇంట ఏ పిల్ల చదువుతుందో!

కొన్ని నెలలకు బుగ్గలు నిండాయి. ఇక గండం గడిచిందని మేము సాయంత్రం పాలు మానిపించాము. రెండు వారాలలోనే బరువు మళ్ళీ జారింది. మరమ్మతు పని లోపల ఇంకా సాగుతున్నది. దానికి మేము తినేదానికంటే ఎక్కువే కావాలి. మనసు శరీరం కంటే ఎంతో వెనుక నడుస్తుంది. ఆ సంగతి ఒక వలీమా విందులో మరింత తెలిసింది. దూరపు బంధువు ఒకామె, ప్రేమతోనే, గడ్డం పుచ్చుకొని, "మాషా అల్లాహ్, బాగా ఒళ్ళు చేశావే!" అన్నది. ఆ రాత్రి నుంచి పది రోజులు ప్రతి ముద్దకూ మళ్ళీ పోరాటమే. కలిసినప్పుడు సలాం తరువాత మొదటి మాట ఎదుటివారి ఒంటి గురించే ఎందుకుండాలో మాకు నేటికీ అర్థం కాదు.

ఆ తరువాత రమజాన్ వచ్చింది. షాబాన్ నెల సగంలోనే ఆమె అడగటం మొదలుపెట్టింది. "అందరూ రోజా ఉంటే నేనొక్కదాన్నే తినటం గునాహ్ కాదా?" అన్నది. ఆ గొంతులో భక్తి ఎంతో, జబ్బు ఎంతో మేము వేరుచేయలేకపోయాము. గత ఏడాది అదే గొంతును మెచ్చుకున్నవారము కదా. వైద్యులు ససేమిరా వద్దన్నారు. మేము ఆమెను వెంటబెట్టుకొని మా పేట ఇమామ్ సాహెబ్ వద్దకు వెళ్ళాము. ఆయన జబ్బు గురించి ఓపికగా విన్నారు. రోగి ఉపవాసం వదిలి వేరే దినాలలో పూర్తిచేసుకునే అనుమతి దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలోనే ఉందని, అనుమతినిచ్చిన ప్రభువు దాన్ని వాడుకున్నవారిని తక్కువగా చూడడని చెప్పారు. తరువాత హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల వృత్తాంతం చెప్పారు. అతిథిగా వచ్చిన సల్మాన్, ఆతిథ్యమిచ్చిన అబూ దర్దా రోజాలో ఉన్నానంటే, నీవు తింటేగాని నేను తిననని పట్టుబట్టారు. ఆయన రోజా విడిచి తిన్నారు. దేహానికి కూడా మనిషిపై హక్కు ఉందని సల్మాన్ గుర్తుచేశారు. ఆ మాట నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువపరిచారు. మా అమ్మాయి తల వంచుకొని విన్నది. ఇంటికి వచ్చి ఏమీ అనలేదు.

ఆ వృత్తాంతాన్ని దాదీమా కూడా విన్నది. ఆమెకు చక్కెర వ్యాధి, రోజూ ఇన్సులిన్. రోజాలు వద్దని వైద్యులు ఏళ్ళ తరబడి చెబుతున్నా ఆమె మానలేదు. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయినా మానలేదు. మొదటి రోజా నాడు జుహర్ నమాజు కాగానే ఆమె తానే వంటగదిలోకి వెళ్ళింది. రెండు పళ్ళేలు పరిచింది. "రా బేటీ, నేనూ రోగినే. నువ్వు తినకపోతే నేనూ తినను" అన్నది. వణుకుతున్న చేతులతో ముందు తానే ముద్ద కలిపింది.

నెలంతా అలాగే జరిగింది. మేము రోజాలో ఉండి వండేవాళ్ళము, వారిద్దరూ లోపలి గదిలో చాప మీద కూర్చొని తినేవారు. పప్పు, ఖట్టా, గుడ్డు, కొన్ని రోజులు బార్లీ పిండిని పాలలో కాచిన తల్బీనా. దాన్ని హజ్రత్ ఆయెషా (రజి) రోగులకు, దుఃఖంలో ఉన్నవారికి పెట్టమనేవారని దాదీమా చెప్పేది. తన పళ్ళెంలో మాత్రం తేనె పడనిచ్చేది కాదు. కొన్ని మధ్యాహ్నాలు నలభై నిమిషాలు పట్టేది, కొన్నిసార్లు గంటన్నర. ఒకరోజు లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. ఏమిటని మేము అడగలేదు. మూడవ వారంలో, చాలా కాలానికి, నెలసరి తిరిగి వచ్చింది. ఆ కబురు ముందుగా తెలిసింది దాదీమాకే.

పండుగ నాడు షీర్ ఖుర్మా గిన్నె సగం తాగి పక్కన పెట్టింది. మేము ఒత్తిడి చేయలేదు. సాయంత్రం మిగతా సగం తాగింది.

క్యాలెండర్ వెనుక దాదీమా ఆ నెల లెక్క రాయించింది. తన పేరు ఎదుట 30, దాని పక్కన ఫిద్యా చెల్లించామని గుర్తు. ఆమె వ్యాధి నయమయ్యేది కాదు గనుక పేదలకు భోజనం పెట్టటంతో బాధ్యత తీరింది. మనవరాలి పేరు ఎదుట కూడా 30 అని ఉంది. ఆమె కోలుకుంటుందన్న ఆశ ఉంది గనుక ఆమెకు ఖజా. ఏడాది మారినప్పుడు ఆ కాగితాన్ని కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించాము. ఆ రోజాలు ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులు ఇంకా చెప్పలేదు. మేమూ తొందరపడి అడగలేదు. నాలుగు గంటలయింది, పాలు కాచాలి.