లోపల అతికిందా?

వెల్డింగ్ బీడ్ చేపపొలుసులా వరుసగా పడిందని మురిసిపోయి ఫొటోలు తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేకు పని అయితే సరే. 10 మిల్లీమీటర్ల ప్లేటు మీద పైఅందం ఎవరిక్కావాలి? లోపల రెండు ముక్కలూ కరిగి ఒకటయ్యాయా లేదా, అదీ సంగతి.

సరదాకి మిగ్ వెల్డింగ్ నేర్చుకునేవాళ్లం ఎక్కువగా రేకుతోనే మొదలుపెడతాం. బొక్క పడుతుందేమోనని కరెంటు తగ్గించి, చెయ్యి గబగబా లాగేస్తాం. మందపాటి ఇనుము దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది. ప్లేటు వేడినంతా లాగేసుకుంటుంది. మెషీన్ తోసే వైరు మాత్రం కరిగి పైన పేరుకుంటూనే ఉంటుంది. రాడ్డు వెల్డింగులో కరెంటు చాలకపోతే రాడ్డు అంటుకుపోయి ఆ సంగతి చెప్పేస్తుంది. మిగ్ చెప్పదు, చక్కటి బీడ్ వేసి ఊరుకుంటుంది.

మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లని ఓ మోటు లెక్క. 6 మిల్లీమీటర్లకి 240 కావాలి. ఇంట్లో పెట్టుకునే 200 ఆంపియర్ల మెషీన్ ఎక్కడ తెస్తుంది? అందుకే అంచులు 30 డిగ్రీల చొప్పున గ్రైండ్ చేసి, అడుగున సన్నటి సందు వదిలి, మొదటి వరస ఆ సందు అడుగుదాకా దించి, వైర్ బ్రష్ కొట్టుకుంటూ వరస మీద వరస నింపాలి. నిలువు జాయింటైతే కింది నుంచి పైకి రావాలి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ ఉండేవాడు. ట్రాక్టర్ డ్రాబార్ విరిగి రైతు ఎంత తొందరపెట్టినా, ప్లేటు మీది నల్లపొర పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా టార్చి ముట్టేవాడు కాదు. కుర్రాళ్ల చేత టీ ఆకారంలో రెండు ముక్కల్ని ఒకవైపే అతికించేవాడు. వాటిని వైస్‌లో బిగించి, నిలువు ముక్క అతుకు మీదికి వంగేలా సుత్తితో కొట్టేవాడు. వంగి పడుకుంటే పాసు. ఊడొస్తే, అతుకు కింద గ్రైండర్ గీతలు చెక్కుచెదరకుండా కనిపించేవి. ఇనుము అక్కడ కరగనే లేదన్నమాట. ఆ గీతల మీద కుర్రాడి వేలు పెట్టి రుద్దించేవాడు. బీడ్ బాగుందని ఆయన ఎవర్నీ మెచ్చుకోగా నేను వినలేదు. అలాంటి గురువు దొరకడం అదృష్టం.

ఇప్పుడు వీధిలో గేట్లు చూడండి. అతుకు మీద గ్రైండర్ తిప్పి, లప్పం పెట్టి, రంగు కొట్టేస్తున్నారు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఆ గేటు పట్టుకుని ఊగేది పిల్లలు. లప్పం డబ్బా మూత తీసే ముందు ఆ మాట గుర్తుండొద్దూ?

మీరూ నేర్చుకుంటుంటే నా మాట వినండి. ప్రాక్టీసు ముక్కల్ని అలమరలో దాచుకోకండి. అడ్డంగా కోసి చూడండి, వైస్‌లో పెట్టి విరగ్గొట్టండి. మనిషి బరువు మోసే వస్తువు జోలికి ఆ తర్వాతే వెళ్లండి.