అన్నీ కలిసే ఉంటయి సార్!

ఇది మా ఇంట్లో ఫెయిలైన ఒక ప్రాజెక్టు కథ. ఆఫీసులో అయితే దీనికో మీటింగ్ పెట్టి, రూట్ కాజ్ అని ఓ స్లైడు చేసి, తప్పు ఎవరి మీదకీ రాకుండా చక్కగా ముగించేవాళ్ళం. ఇంట్లో ఆ సౌకర్యం లేదు కదా. మా పాప సూటిగా అడిగేసింది, "నాన్నా, వీటిని ఎవరు చంపారు?" అని.

మూడేళ్ళ క్రితం సంగతి. పాప ఏడో పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలంది. మా ఆవిడ ససేమిరా అంది. మధ్యేమార్గంగా నేను చేపల తొట్టి అన్నాను. చేపలు మొరగవు, వాకింగుకి తీసుకెళ్ళక్కర్లేదు, నాబోటి బద్ధకస్తుడికి సరిగ్గా సరిపోతాయి అనుకున్నా. ఆదివారం ముగ్గురం షాపుకెళ్ళి, రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టి ఒకటి కొన్నాం. అంచుదాకా నింపినా 56 లీటర్లే. ఇసుక, నాలుగు కట్టల మొక్కలు, ఫిల్టరు, లైటు. ఇక అసలు ఘట్టం, చేపల్ని ఎంచుకోవడం.

ఎంచుకునే పద్ధతి ఏంటంటారా? పాప వేలు పెట్టి చూపించడం, నేను తలూపడం. 2 గోల్డ్‌ఫిష్‌లు, 2 ఏంజెల్‌లు, 8 నియాన్ టెట్రాలు, 4 టైగర్ బార్బులు, 3 గప్పీలు. చివర్లో "అద్దం సాఫ్ చేస్తది సార్" అని షాపతను అంటగట్టిన సక్కర్ ఫిష్ ఒకటి. మొత్తం 20.

"ఇవన్నీ కొట్టుకోవా అన్నా?" అని అడిగాను.

"ఏం గాదు సార్, అన్నీ కలిసే ఉంటయి" అన్నాడు.

నాకదే చాలు. చిన్న లైబ్రరీ ఒకటి వాడాలన్నా రీడ్‌మీ చదివి, వెర్షన్లు సరిచూసుకునే మనిషిని. ప్రాణమున్న వాటి విషయంలో మాత్రం అమ్మేవాడి మాట పట్టుకుని ఇంటికొచ్చేశాను.

నాలుగో రోజుకి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మూడు నియాన్లు పోయాయి. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. చేపల విసర్జనల నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడాలి. దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండూ చేపలకి విషం. మూడోది అంత ప్రమాదం కాదు, దాన్ని మొక్కలు తినేస్తాయి. నేనేం చేశాను? సర్వర్ ఇంకా బూట్ అవ్వకముందే 20 మంది యూజర్లని లాగిన్ చేయించాను.

రోజూ కొంచెం కొంచెం నీళ్ళు మార్చి ఆ గండం గట్టెక్కించానో లేదో, రెండోది మొదలైంది. టైగర్ బార్బులు గప్పీల తోకలు కొరకడం. విసనకర్రల్లాంటి తోకలు రెండు వారాల్లో చీపురు కట్టలయ్యాయి. గోల్డ్‌ఫిష్‌లు మొక్కల్ని కొంచెం తిని, మిగతావి పీకి పైన తేల్చాయి. నాలుగు నెలలయ్యేసరికి ఏంజెల్‌లు అరచేయంత అయ్యాయి. అప్పట్నుంచి రాత్రికొకటి చొప్పున మిగిలిన ఐదు నియాన్లూ మాయం. శవాలు కూడా దొరకలేదు. పాప ఆ ప్రశ్న అడిగింది అప్పుడే.

"జబ్బు చేసిందమ్మా" అన్నాను. అబద్ధం. ఏంజెల్ పొట్ట చూస్తే తెలిసిపోతోంది. అయినా ఏంజెల్‌ని అనడానికేముంది? నోట్లో పట్టిందల్లా దానికి తిండే. రెండిటి పుట్టిల్లూ అమెజాన్ వైపే, అంతమాత్రాన చుట్టరికం పాటించాలని లేదుగా!

ఆ అబద్ధం రెండు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. మూడో రోజు పాపని తొట్టి ముందు కూర్చోబెట్టుకుని చెప్పేశాను, తప్పు నాదేనని. ఏ చేప ఎలాంటిదో అడక్కుండా అన్నిటినీ ఒక గదిలో పెట్టి తలుపేశానని. కాసేపు ఏడ్చింది. తర్వాత "మరి ముందు ఏమడగాలి?" అంది.

అప్పుడు ఇద్దరం ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకున్నాం.

మొదటిది, మన నీళ్ళు ఎలాంటివి? మాది బోరు నీళ్ళు. టెస్ట్ కిట్‌తో చూస్తే బాగా కఠినజలం. నియాన్లకి మెత్తటి, కాస్త ఆమ్ల గుణమున్న నీళ్ళు ఇష్టం. గప్పీలకి కఠినజలమే హాయి. వేడి సంగతీ చూడాలి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప. మే నెలలో మా హాల్లో తొట్టి నీళ్ళు 31 డిగ్రీలు దాటుతాయి. పైగా వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. చేప కోసం నీటిని మార్చడం కన్నా, నీటికి తగ్గ చేపని వెతుక్కోవడం చాలా సులువు.

రెండోది, పెద్దయ్యాక ఎంతవుతుంది? షాపుల్లో అమ్మేవి చాలావరకు పిల్లలే. గోల్డ్‌ఫిష్, ఏంజెల్ రెండూ 15 సెంటీమీటర్లకి ఎదిగేవే.

మూడోది, ఎంతమంది కలిసి ఉండాలి? నియాన్లు, బార్బులు గుంపు చేపలు, కనీసం ఆరు ఉండాలి. టైగర్ బార్బులు ఎనిమిది, పది ఉంటే కొట్లాటలన్నీ చాలావరకు వాటిలో వాటికే. నలుగురే ఉంటే ఆ విసుగు పక్కవాళ్ళ తోకల మీద చూపిస్తాయి. బెంచ్ మీద కూర్చున్న కుర్రాళ్ళలాగన్నమాట.

నాలుగోది, ఎక్కడ తిరుగుతుంది, ఏం తింటుంది? పైనా, మధ్యలో, అడుగునా తిరిగేవి వేరువేరుగా ఉంటే చోటు కోసం గొడవ తక్కువ. మొక్కలు తినేవాటికీ, తవ్వేవాటికీ మొక్కల తొట్టిలో ప్రవేశం లేదు.

ఈ నాలుగిటితో జల్లెడ పడితే మొదట కొన్న జాబితాలో గప్పీలు తప్ప ఏదీ మిగల్లేదు. గోల్డ్‌ఫిష్‌లు ఆఫీసులో ఓ మిత్రుడి పెద్ద తొట్టికి వెళ్ళాయి. ఏంజెల్‌లనీ, బార్బులనీ షాపతను వెనక్కి తీసుకున్నాడు.

మిగిలింది సక్కర్. అప్పటికి ఏడాదైంది, జానెడు దాటింది. తొట్టిలో అటు నుంచి ఇటు తిరగడానికే అవస్థ పడుతోంది. "మన వెనక చెరువులో వదిలేద్దాం నాన్నా, హాయిగా ఉంటుంది" అంది పాప. నాకూ బాగానే అనిపించింది. పుణ్యం, పురుషార్థం! బకెట్లో వేసుకుని కారు దాకా వెళ్ళాం కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. ఇది దక్షిణ అమెరికా చేప. ఇలా జాలిపడి వదిలినవే, ఫార్ముల నుంచి తప్పించుకున్నవే ఇవాళ ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో పెరిగిపోయి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. ఒంటి నిండా కవచం, ముళ్ళు. గట్లలో బొరియలు తవ్వుతుంది, గాలి కూడా పీలుస్తుంది, ఓ పట్టాన చావదు. వలలో పడితే కొనేవాడు లేడు. దెయ్యం చేప అని తిట్టుకుంటారు. నా తొట్టిలో పట్టని సమస్యని ఊరి చెరువులోకి డిప్లాయ్ చెయ్యబోయాను!

పాపకి విషయం చెప్పి, బకెట్ తోనే షాపుకి వెళ్ళాం. "పెద్ద ట్యాంకున్నోళ్ళు అడుగుతరు సార్, ఇడ్సిపో" అన్నాడు. డబ్బులేం ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు తొట్టిలో ఏమున్నాయంటే, 8 చెర్రీ బార్బులు, ఒక జత హనీ గౌరామీలు, కొన్ని నత్తలు. చెర్రీ బార్బులది శ్రీలంక. హనీ గౌరామీలు మన దేశానివే, ఈశాన్యం వైపువి, పైకొచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి ఎండాకాలం కాస్త నిబ్బరంగా ఉంటాయి. గప్పీలు పాపం ఆయుష్షు తీరి వెళ్ళిపోయాయి. మొక్కలకొస్తే జావా ఫెర్న్, అనూబియాస్ చెక్కకి కట్టాను, వెనక వాలిస్నేరియా. మూడూ కఠినజలానికి జడవవు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ అడగవు. మే నెలలో నీటి మీదకి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతోంది. చేపలు వేసేముందు ఐదు వారాలు ఖాళీ తొట్టిలో అమ్మోనియా వేసి, టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ నడిపాను. ఇంటికొచ్చినవాళ్ళు "చేపలేవండీ?" అంటే మా ఆవిడ "టెస్టింగులో ఉందట" అని చెప్పేది.

మొన్న ఆదివారం మేత కోసం అదే షాపుకి వెళ్ళాం. ఎవరో ఒకాయన తన బుడ్డోడితో వచ్చి చిన్న గాజు గిన్నెకి గోల్డ్‌ఫిష్ బేరమాడుతున్నాడు. మా పాప షాపతని దగ్గరికెళ్ళి, "అంకుల్, అది పెద్దయ్యాక ఎంతవుతుందో వాళ్ళకి చెప్పారా?" అంది.

షాపతను నా వైపు చూశాడు. నేను మేత డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ వెతుక్కుంటున్నాను.