మోతకు వేళా, చోటూ

దీపావళి మర్నాడు పశువైద్యుని దగ్గరకు వచ్చే కుక్కల కేసులు ఏటా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. కాలిన మూతి, గొలుసు పెనుగులాటలో ఒరుసుకుపోయిన మెడ, తలుపు గీరి గీరి ఊడిన గోళ్ళు, బండి కింద పడి విరిగిన కాలు, రెండు రోజులుగా ముద్ద ముట్టని కడుపు. వీటిలో నిప్పు నేరుగా చేసిన గాయం మొదటిదొక్కటే. తక్కినవన్నీ భయం చేసినవి. అయినా గాయానికి కట్టు కట్టించే యజమాని భయానికి వైద్యం అడగడు. పిరికితనం ఆ కుక్క పుట్టుగుణమని సరిపెట్టుకుంటాడు. మోత భయం ముందుగా కనిపెడితే అదుపు చేయగల జబ్బు. అయితే మన వైద్య సలహాలన్నీ తలుపులున్న ఇళ్ళలో పెరిగే కుక్కల కోసం పుట్టినవి. ఉత్తరాంధ్రలోని టైడా లాంటి కొండ ఊళ్ళో కుక్క కాపురం అరుగు మీదా, పశువుల పాక దగ్గరా, పొలం గట్టునా. అక్కడ దాన్ని కాపాడాలంటే కుక్కను దాచడం కంటే మోతకు వేళా, చోటూ నిర్ణయించడం ముఖ్యం.

మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాలు దాటితే వినపడదు. కుక్క చెవి సుమారు 45,000 దాకా పట్టుకుంటుంది. మనకు వినపడని శబ్దాలు కూడా దానికి వినిపిస్తాయి. 2013లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో తమ కుక్కకు మోతంటే భయమని నాలుగో వంతు యజమానులే చెప్పారు. లక్షణాలను ఒక్కొక్కటిగా అడిగేసరికి దాదాపు సగం కుక్కల్లో ఏదో ఒకటి బయటపడింది. వణకడం, రొప్పడం, మంచం కింద దూరడం అందరికీ తెలుస్తాయి. ఊరికే ఆవులించడం, పెదాలు నాక్కోవడం, మనిషిని వదలకుండా వెంట తిరగడం కూడా భయమేనని చాలామందికి తట్టదు. అన్నేళ్ళూ నిమ్మళంగా ఉన్న కుక్క ముసలితనంలో కొత్తగా మోతకు బెదిరితే కీళ్ళనూ వెన్నునూ పరీక్షించాలి. ఉలిక్కిపడిన ప్రతిసారీ ఒళ్ళు నొప్పెడితే ఆ నొప్పి శబ్దంతో ముడిపడిపోతుందని 2018లో వచ్చిన మరో పరిశోధన సూచించింది.

కొండ కుక్కలకు ఈ సుకుమారం ఎక్కడిదని కొందరు అడుగుతారు. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే గూడ్సు బళ్ళు టైడా స్టేషను మీదుగానే రోజూ పోతాయి, ఆ మోతకు అలవాటు పడినవి టపాసుకు బెదురుతాయా అన్నది వారి వాదం. రైలు మెల్లగా వినపడి, పెరిగి, ఒకే దారిన పోయి తగ్గుతుంది. రోజూ వస్తుంది, ఏ హానీ చేయదు. అలవాటు పడేది అలాంటి శబ్దానికే. లక్ష్మీబాంబు ముందుమాట లేకుండా పేలుతుంది, వెలుగుతో, గంధకం వాసనతో కలిసి వస్తుంది. చుట్టూ కొండలున్న చోట ఒక పేలుడు నాలుగు వైపుల నుంచీ మార్మోగితే ఎటు పారిపోవాలో కుక్కకు తెలియదు. ఇటువంటి మోతకు కొన్ని కుక్కలు అలవాటు పడకపోగా ఏటేటా మరింత బెదురుతాయి. ఏడాదికి ఒక్క రాత్రేగా అనడానికీ లేదు. దీపావళికి మిగిలిన సామాను నాగుల చవితికి పేలుతుంది. ఆ తరువాత చలికాలపు యాత్రికులు, క్రిస్మస్, కొత్త సంవత్సరం వరుసగా వస్తాయి. పారిపోయిన కుక్కకు ఒక పక్క ఘాట్ రోడ్డు మలుపులు, మరో పక్క రైలు పట్టాలు.

ఇల్లున్న కుక్క సంగతి తేలిక. పొద్దు గూకకముందే తిప్పి, తిండి పెట్టి, వీధికి దూరంగా ఉన్న గదిలో దాని పాత గోనెసంచి పరిచి, కిటికీలు మూసి, రేడియో పెట్టాలి. ఆ రాత్రి ఆరుబయట గొలుసుకు కట్టేయకూడదు. దగ్గరికి తీస్తే భయం ముదురుతుందన్న మాటకు ఆధారం లేదు. భయం బహుమతి కోసం చేసే పని కాదు. పక్కన కూర్చుని నిమురుతుంటే కుదుటపడే కుక్కను అలాగే నిమరాలి. ప్రతి పేలుడు వెంటనే ఇష్టమైన తినుబండారం అందించడం మేలు చేసిందని బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు స్టెఫానీ రీమర్ సర్వేలో, ఆ పద్ధతి వాడిన యజమానుల్లో నూటికి డెబ్బై మందికి పైగా చెప్పారు. మత్తు బిళ్ళ ఒకటి వేస్తే పోలేదా అంటారు. పాతకాలం నుంచి వాడుతున్న ఏసీప్రొమజీన్ ఒంటిని కదలనివ్వదు గాని లోపలి భయాన్ని తగ్గిస్తుందని నమ్మడానికి లేదు. బెదురును తగ్గించే మందులు వేరే ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా కుక్కల మోత భయానికే ఒక మందును అనుమతించింది. ఏది వాడినా బరువు తూచి, గుండె పరీక్షించి, పండుగకు ముందే ఒకసారి వేసి చూడాలి. ఇంట్లో మనుషులు వాడే నిద్రమాత్రలు పెట్టడం ప్రమాదం.

ఊరంతా తనదే అయిన కుక్కకు ఇవేవీ అందవు. దాన్ని కాపాడేది కాల్చేవాళ్ళ క్రమశిక్షణే. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకు, క్రిస్మస్, కొత్త సంవత్సరాలకు 11:55 నుంచి 12:30 వరకు మాత్రమే కాల్చాలంది. వీలైనచోట అందరూ ఒకే స్థలంలో కాల్చుకునే ఏర్పాటు పరిశీలించమంది. ఆ తీర్పు గాలి కాలుష్యం గురించి వచ్చింది గాని, అందులో కుక్కలకు పనికివచ్చే వైద్యం ఉంది. మోత ఎక్కడో, ఎంతసేపో ముందే ఖాయమైతే ఊరి వాళ్ళు తమ కుక్కల్ని ఆ పూటకు పాకలోకి పిలుచుకోగలరు. పిలుపు అందనివి అవతలి దిక్కుకు తప్పుకోగలవు. పిల్లల సరదా మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ కాకరపువ్వొత్తులు, మతాబులు, భూచక్రాలు కళ్ళకే పండుగ. గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి దివిటీలు తిప్పే ఉత్తరాంధ్ర ఆచారంలో పేలుడే లేదు. వెలుగుల పండుగకు మోత తగ్గితే లోటేమీ రాదు. కుక్క తోకకు టపాసు కట్టడం మాత్రం సరదా కింద రాదు; 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం.

ఇందులో ఖర్చుతో కూడినది ఏదీ లేదు. విడిది గృహాల వాళ్ళు గది తాళంతో పాటే కాల్చే వేళా, స్థలమూ యాత్రికులకు చెప్పవచ్చు. పంచాయతీ అడవికీ, పట్టాలకూ, పాకలకూ దూరంగా ఒక మైదానం చూపవచ్చు. తెల్లవారగానే పేలని మందు ఊడ్చేయాలి. టపాసు మందులో బేరియం లవణాలుంటే, అది తిన్న కుక్కకు వాంతులు, కండరాల నీరసం వచ్చి గుండె లయ తప్పవచ్చు. కాలిన చోట చల్లని నీళ్ళు పోసి, పసుపూ సిరా పూయకుండా 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు సాయం అడగవచ్చు. బెదిరిన కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కుక్క నిమ్మళంగా ఉంటే ఆ కాటే పడదు. అందుకే ఈ కట్టుబాటును జంతుప్రేమికుల కోరికగా కాక ఊరి ఆరోగ్యానికి సంబంధించిన పనిగా గ్రామసభ చేపట్టాలి, అదీ దీపావళి అమావాస్యకు కనీసం నెల ముందు.