పోస్టుమాన్ పెరట్లో కోట

ఫ్రాన్సు దేశం వెళ్ళినవాళ్ళు సాధారణంగా పారిస్ నగరం చూచి, ఐఫెల్ టవరు ఎక్కి తిరిగి వచ్చేస్తారు. మీకు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళే అవకాశం వస్తే మరికొంత దూరం ప్రయాణం చేయండి. లియోన్ నగరం దాటి, రోన్ నది వెంట దక్షిణంగా వెళ్ళి, ఒకచోట పెద్ద రోడ్డు విడిచి తూర్పుకు తిరగండి. గలోర్ అనే చిన్న ఏటి ఒడ్డున ఓట్‌రీవ్ అనే పల్లెటూరు వస్తుంది. పెంకుటిళ్ళు, చుట్టూ పొలాలు తప్ప పైకి విశేషమేమీ కనబడదు. "ఇంత దూరం వచ్చింది దీనికోసమా?" అని మీరు విసుక్కోవచ్చు కూడా.

కాని అక్కడ ఒక ఇంటి పెరట్లోకి అడుగు పెట్టారంటే మీకు నోట మాట రాదు. కూరగాయల పాదులు ఉండవలసిన చోట ఒక పెద్ద కోట నిలబడి ఉంటుంది! దాని పొడవు 26 మీటర్లు. ఎత్తు సుమారు పది మీటర్లు. గోడలనిండా రాతి చెట్లు, పక్షులు, ఏనుగులు, మొసళ్ళు. ఒక పక్క ముగ్గురు రాక్షసాకారులు కాపలా కాస్తూ ఉంటారు. వారిలో ఒకడు మీ సైన్సు పుస్తకంలో కనిపించే ఆర్కిమిడిసే!

ఇది ఏ రాజు కట్టించిన కోటో అనుకుంటున్నారు కాబోలు. రాజూ కాదు, జమీందారూ కాదు. ఆ ఊరి పోస్టుమాన్ కట్టాడు. అతని పేరు ఫెర్డినాండ్ షెవాల్. 1836లో ఒక బీద రైతు ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే చదువు మాని రొట్టెలు కాల్చే పనికి కుదిరాడు. తరువాత టపాశాఖలో చేరాడు. ఉత్తరాలు బట్వాడా చేయడానికి రోజుకు సుమారు 32 కిలోమీటర్లు నడిచేవాడు. ఒక్కడే నడుస్తుంటే తోచదు గదా! అందుకని మనసులో ఒక వింత కోట కట్టుకుంటూ నడిచేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

1879లో ఒకనాడు అతనికి దారిలో ఎదురుదెబ్బ తగిలింది. ఇంకొకరైతే రాయిని తిట్టి ముందుకు పోయేవారే. షెవాల్ వంగి ఆ రాయిని చూచాడు. నీటి ఒరిపిడికి అది చిత్రమైన ఆకారం పొంది ఉన్నది. జేబులో వేసుకున్నాడు. మర్నాడు అక్కడే వెతికితే ఇంకా అందమైనవి దొరికాయి. "ప్రకృతి శిల్పం చెక్కుతుంటే, నేను తాపీపని చేయలేనా?" అనుకున్నాడు. అప్పటికి అతనికి 43 ఏళ్ళు. తాపీ పట్టడం కూడా తెలియదు!

ఇక ఆనాటినుంచి ఉత్తరాలు పంచుతూ రాళ్ళు ఏరడం మొదలు పెట్టాడు. జేబులు చాలక బుట్ట పట్టాడు. బుట్ట చాలక ఒంటిచక్రపు తోపుడుబండి తెచ్చాడు. పగలు రాళ్ళను దారిపక్కన పోగు చేసేవాడు. పని ముగిశాక మళ్ళీ అంత దూరమూ పోయి బండిలో వేసుకు వచ్చేవాడు. రాత్రి దీపం వెలుగులో సున్నమూ సిమెంటూ కలిపి వాటిని పేర్చేవాడు. ఊరివాళ్ళు అతనికి మతి పోయిందన్నారు. అతడు ఎవరికీ బదులు చెప్పలేదు.

ఇతర దేశాల భవనాలు అతనికి ఎలా తెలుసునని మీరు అడగవచ్చు. అతడు పంచే టపాలో బొమ్మల పత్రికలూ, బొమ్మల కార్డులూ వచ్చేవి. అతని లోకయాత్ర అదే. కోట గోడలో ఒక మసీదు ఉన్నది, స్విట్జర్లాండు కొయ్య ఇల్లు ఉన్నది. వాటి పక్కనే ఒక హిందూ దేవాలయం కూడా ఉన్నది! అతడు మన దేశం ఎన్నడూ చూడలేదు సుమా!

ఆ రాయి దొరికిన ఏడే అతనికి ఆలిస్ అనే కూతురు పుట్టింది. కోటా, ఆ పిల్లా కలిసి పెరిగారు. కాని 1894లో, పదిహేనేళ్ళ వయసులో, ఆలిస్ చనిపోయింది. షెవాల్ కుమిలిపోయాడు. అయినా పని వదలలేదు. కోట పక్కన తాను ఉండడానికి ఒక ఇల్లు కట్టుకొని, దానికి కూతురి పేరు పెట్టుకున్నాడు.

1912లో కోట పూర్తి అయింది. మొత్తం 33 ఏళ్ళు! పదివేల రోజులు, 93 వేల గంటలు పట్టిందని అతడే లెక్కవేసి గోడమీద చెక్కాడు. చనిపోయాక అందులోనే తనను పూడ్చాలని కోరుకున్నాడు. అధికారులు ఒప్పుకోలేదు. అతడు వాదులాడలేదు. మళ్ళీ రాళ్ళు మోసుకుపోయి, ఊరి శ్మశానంలో ఎనిమిదేళ్ళు శ్రమపడి తన సమాధి తానే కట్టుకున్నాడు. అది పూర్తయ్యేసరికి అతనికి 86 ఏళ్ళు. 1924లో కన్నుమూశాడు.

1969లో ఫ్రెంచి ప్రభుత్వం ఆ పెరటి కోటను చారిత్రక కట్టడంగా గుర్తించింది. ఒకనాడు నవ్విన ఊరికే ఇప్పుడు ఏటా లక్షమందికి పైగా చూడవస్తున్నారు.

మీరు వెళ్ళినప్పుడు రెండు వస్తువులు వెతికి మరీ చూడండి. ఒకటి, పై మేడమీద ఉంచిన ఆ మొదటి రాయి. రెండవది, షెవాల్ తోపుడుబండి. దానికోసం అతడు కోటలోనే ఒక గూడు కట్టాడు. ఆ కోటలో రాజు లేడు. కాని రాజుకు దక్కవలసిన చోటు ఆ బండికి దక్కింది.