నాయన కంప్యూటరు ఇప్పుడే మార్చేదా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. "నువ్వు టెస్టరే కదా, నాయన కంప్యూటరులో 11 వేసేయ్" అని ఇంట్లో అందరూ నాకే చెప్తున్నారు.

కోలారులో నాయన వాడేది 32 బిట్ విండోస్ 10. విండోస్ 11లో ఉండేది 64 బిట్ ఒక్కటే, 16 బిట్ కాలం ప్రోగ్రాములు అందులో నడవవు. నాయన తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు ఆ కాలందే. మన వంశం సంగతులు, జేజి పాడిన పెళ్ళిపాటలు అన్నీ ఆయన అందులోనే రాసిపెట్టినారు. అది యూనికోడు కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట్లో తెలుగు ఆకారాలు పెట్టిన ఫాంటు. ఫాంటు లేకుంటే తెరమీద పిచ్చి గుర్తులే. కన్నడంలో పాత నుడి ఫైళ్ళదీ ఇదే కథ.

పీడీఎఫ్ చేసిపెట్టినాను. చూసేదానికి సరే, దిద్దేదానికి పనికిరాదు. కన్వర్టరుతో యూనికోడుకు మారిస్తే అక్కడక్కడా ఒత్తులు తారుమారవుతున్నాయి. ఏది సరైందో తెలిసినవాళ్ళు ఉంటేనే టెస్టింగు. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు కూడబలుక్కొని చదువుతాను. ఇంటిపేరులో ఒత్తు తప్పితే నా కంటికి ఆనదు. నాయనకు ఆనుతుంది, కానీ ఆయన చూపూ తగ్గుతోంది.

అందుకే ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేసినాను. ప్రతి ఆదివారం నాయన పెద్దక్షరాల ప్రింటు చూసి చదువుతారు, నేను దిద్దుతాను. ఆఖరి పేజీ అయినాకే కొత్తది.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి ఫైళ్ళుంటే, రాసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని ముందు అవి తెరవండి. విండోస్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.