అచ్చోసిన ఆంబోతు... అమెరికా వెళ్లింది!

కౌబాయ్ అనగానే టెక్సాస్ గుర్తొస్తుంది. రోడియో అనగానే ఎగిరెగిరిపడే ఎద్దు, దాని వీపు మీద ఊగిసలాడే మనిషి కళ్లముందు మెదులుతారు. 'అదంతా దొరల ఆట, మనకేం సంబంధం' అనుకుంటాం. కానీ ఆ కథలో సగం మన గడ్డ మీదా నడిచింది. కావాలంటే వికారాబాద్, తాండూరు దాకా ఓసారి వెళ్లొద్దాం రండి!

హైదరాబాద్ నుంచి పడమరగా 75 కిలోమీటర్లు వెళితే వికారాబాద్. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన పాయెగా ప్రభువు, నిజాం ప్రధాని వికారుల్ ఉమ్రా పేరే ఊరి పేరైంది. అక్కణ్నుంచి ఐదారు కిలోమీటర్లలో అనంతగిరి కొండలు. ఆదివారం వచ్చిందంటే చాలు, నగరం నుంచి కార్లూ బైకులూ బారులు తీరతాయి. అనంతపద్మనాభస్వామికి దండం పెట్టుకుని, మూసీ పుట్టిన చోటు చూసి, వేడివేడి మిర్చిబజ్జీలు తిని చాలామంది వెనుదిరుగుతారు.

ఆ కొండలకు ఇంకో విశేషముంది. తూర్పు వాలున పడిన చినుకు మూసీలో కలిసి, హైదరాబాద్ మధ్య నుంచి నల్గొండ వైపు సాగిపోతుంది. పడమటి వాలున పడిన చినుకు కాగ్నా బాట పడుతుంది. తాండూరును పలకరించి, రాష్ట్రకూటుల పాత రాజధాని మాల్ఖేడ్‌ను ఒరుసుకుంటూ భీమలో కలుస్తుంది. భీమ వెళ్లి కృష్ణలో చేరుతుంది. అలా ఒక కొండ మీద విడిపోయిన రెండు చినుకులూ వందల కిలోమీటర్లు తిరిగి వాడపల్లి దగ్గర మళ్లీ కలుసుకుంటాయి. ఈ నీళ్ల దారుల వెంటే గడ్డి, గడ్డి వెంటే పశువు, పశువు వెంటే మనిషి... దక్కన్‌లో శతాబ్దాల పాటు సాగిన బతుకిది.

రాంచ్ కాదు... కంచ!

అనంతగిరి చుట్టూ ఎర్ర చెలకలు, గట్టి మొరం నేలలు. తాండూరు వైపు దిగితే నల్లరేగడి. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందికి పుట్టిల్లు అదే. దున్నడానికి వీల్లేని నేలను తెలంగాణ పల్లె వృథాగా వదల్లేదు. పశువులకు విడిచింది. దాని పేరే కంచ. 2025లో చెట్ల నరికివేతతో దేశమంతా వార్తల్లోకెక్కిన కంచ గచ్చిబౌలి గుర్తుందా? అక్కడ అద్దాల మేడలు లేచినా పేరులో మాత్రం పాత పచ్చిక మిగిలే ఉంది.

కంచకు దూరపు చుట్టమే అమెరికా రాంచ్. అయితే ఆ ఖండంలో అసలు ఆవే లేదు. 1493లో కొలంబస్ రెండోసారి వెళ్లినప్పుడు ఓడలో తీసుకెళ్లాడు. 1521లో మెక్సికోలో దిగాయి. అంతులేని మైదానాలు, అడ్డంలేని గడ్డి... మందలు పెరిగిపోయాయి. గుర్రమెక్కి వాటిని కాసేవాళ్లను స్పానిష్‌లో 'వకేరో' అన్నారు. వకా అంటే ఆవు. అంటే అచ్చంగా మన గొడ్లకాపరే! టెక్సాస్ కౌబాయ్‌కి గురువు ఈ వకేరోనే. ఉచ్చుతాడు విసరడం, జీను మీద కొమ్ము లాంటి పిడి, కాళ్లకు తోలు తొడుగులు... అన్నీ అతని దగ్గర నేర్చుకున్నవే.

కంచెలు లేని ఆ మైదానాల్లో అందరి పశువులూ కలిసిపోయేవి. ఏడాదికోసారి వాటన్నింటినీ చుట్టుముట్టి ఒకచోటికి తోలేవారు. ఎవరి పశువులు వారు ఏరుకునేవారు. ఆ చుట్టుముట్టడం పేరే రోడియో. అంటే అది మొదట ఆట కాదు, ఒళ్లు హూనమయ్యే పని.

ముద్ర ఒకటే... అర్థాలే వేరు

మందలో తన ఆవు ఏదో తెలిసేదెలా? ఎర్రగా కాల్చిన ఇనుముతో తొడ మీద వాత పెట్టేవారు. ఒక్కో రాంచ్‌కు ఒక్కో గుర్తు. ముద్ర పడితే ఆ పశువుకు యజమాని ఉన్నట్టు. ముద్ర లేని దూడ దొరికినవాడిదే! టెక్సాస్‌లో మావెరిక్ అనే ఆసామి తన పశువులకు ముద్రలు వేయించకుండా వదిలేశాడట. అలా ముద్ర లేని దూడలకు, తర్వాత ఎవరి మాటా వినని మనుషులకు 'మావెరిక్' అన్న పేరు స్థిరపడిపోయింది.

మన దగ్గరా ముద్ర ఉంది. కాకపోతే దాని అర్థం సరిగ్గా తలకిందులు. ఇంట్లో పెద్దలు కాలం చేసినప్పుడు వారి పేరిట మేలైన కోడెదూడను ఎంచి, త్రిశూలమో చక్రమో అచ్చు వేసి వదిలేవారు. ఆ క్షణం నుంచి అది ఎవరి సొత్తూ కాదు. దాన్ని కాడికి కట్టరు, సంతలో అమ్మరు. ఏ చేలో పడి మేసినా కర్ర ఎత్తరు. ఊరి ఆవులన్నింటికీ అదే ఆంబోతు. 'అచ్చోసిన ఆంబోతులా తిరుగుతున్నాడు' అన్న తిట్టు అక్కడిదే!

అక్కడ ముద్ర లేకపోతే స్వేచ్ఛ. ఇక్కడ ముద్ర పడితేనే స్వేచ్ఛ. ఇందులో భక్తి ఒక్కటే కాదు, బతుకు లెక్క కూడా ఉంది. ఊరికి వదిలే కోడె నాసిరకంగా ఉంటే వచ్చే తరం పశువులన్నీ అలాగే పుడతాయి. అందుకే ఏరికోరి మంచిదాన్నే విడిచేవారు. ఒంగోలు జాతి అంత గట్టిగా నిలబడటం వెనక ఈ అచ్చు వేసిన ఆంబోతుల పాత్ర పెద్దదే.

పదివేల ఎద్దుల బిడారు

వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఏ దారిలో వెళ్లినా తండాలు తగులుతాయి. ఇక్కడి లంబాడాల తాతముత్తాతలే దక్కన్ కౌబాయ్‌లు అంటే అతిశయోక్తి కాదు. గుర్రాల బదులు కాలినడక. తోలేది మాంసం కోసం కాదు, మోత కోసం. ఎద్దుల వీపు మీద గోనెలు వేసి ధాన్యం, ఉప్పు దేశమంతా చేరవేసేవారు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యం చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ బిడారులను చూసి ముక్కున వేలేసుకున్నాడు. ఒక్కో గుంపులో పది, పన్నెండు వేల ఎద్దులట! ఇరుకు దారిలో అవి ఎదురైతే రెండు మూడు రోజులు ఆగాల్సిందేనని రాశాడు.

సైన్యాలకూ వీళ్లే ఆధారం. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలోనూ, 1803లో మరాఠాలతో పోరులోనూ ఆంగ్లేయ సేనలకు ధాన్యం అందింది లంబాడాల ఎద్దుల మీదే. వాళ్ల ఆరాధ్యుడు సేవాలాల్ మహరాజ్ 1739లో గుత్తి ప్రాంతంలో పుట్టారని చెబుతారు. ఆయన కథల నిండా ఆవులూ ఎద్దులే.

అమెరికాలో ఇలాంటి తోలకం మొదలైంది చాలా ఆలస్యంగా. 1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు కోకొల్లలు. కొనేవాళ్లు మాత్రం వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. 1867లో కాన్సస్‌లోని ఆబిలీన్ రైల్వేస్టేషన్ పశువుల సంతగా మారడంతో మందలన్నీ ఉత్తరానికి కదిలాయి. సినిమాల్లో మనం చూసే కౌబాయ్ కాలమంతా నిజానికి పాతికేళ్లు కూడా లేదు.

1874... అక్కడ తీగ, ఇక్కడ పట్టా

ఆ ఏడాది నవంబరులో ఇలినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంటు పొందాడు. చూస్తుండగానే మైదానాలన్నీ తీగల మధ్య ముక్కలయ్యాయి. రైళ్లు టెక్సాస్ లోపలికే వచ్చేశాయి. ఇక మందల్ని తోలేదెవరు?

సరిగ్గా అదే ఏడాది, ఒక నెల ముందు, వాడీ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు కూత పెట్టింది. తాండూరు, వికారాబాద్ ఆ దారిలోనివే. నెలల తరబడి వేల ఎద్దులు మోసే సరుకును రైలు ఒకట్రెండు రోజుల్లో దించేసింది. ఈ పట్టాలే తర్వాత తాండూరు నాపరాయిని దేశమంతా తీసుకెళ్లాయి. లంబాడా ఎద్దు వీపు మీద గోనె మాత్రం ఖాళీ అయిపోయింది.

పని పోయిన కౌబాయ్‌కి మైదానం పోయినా బరి దక్కింది. 1869 జులై 4న కొలరాడోలోని డీర్ ట్రెయిల్‌లో రెండు మూడు రాంచ్‌ల కుర్రాళ్లు సరదాగా పందెం వేసుకున్నారు. 1888లో ప్రెస్కాట్, 1897లో షయాన్... పందేలు పండగలయ్యాయి. పరుగెత్తే గుర్రం మీంచి దూకి కోడెను కొమ్ములు పట్టి పడేసే విద్యను తెచ్చిపెట్టిన నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్ ఊరూరా పేరు మోగించాడు.

మరి లంబాడాలకు? వాళ్లకు ఏ బరీ దొరకలేదు. పైగా బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చిన నేరస్త తెగల చట్టం పలు ప్రాంతాల్లో బంజారాల మీద దొంగలన్న ముద్ర వేసింది. ఎద్దుకు వేసే ముద్ర మనిషికి పడితే ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసింది. అడవి అంచుల్లో తండాలు వేసుకుని కూలీలుగా, చెలక రైతులుగా మారారు. తెలంగాణలో ఎస్టీ గుర్తింపు దక్కింది 1976లో. ఐదొందల జనాభా దాటిన తండాలకు సొంత పంచాయతీలు తెచ్చిన చట్టం 2018లో వచ్చింది. దేశం ఆకలి తీర్చిన బిడారుల కథకు మాత్రం రోడియో లాంటి పండగ ఇప్పటికీ లేదు.

ఎనిమిది సెకన్లు... సగం మార్కులు ఎద్దువే!

రోడియోలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎద్దు సవారీ. తాడును ఒక్క చేత్తో పట్టుకుని ఎనిమిది సెకన్లు వీపు మీద నిలవాలి. రెండో చెయ్యి ఎద్దుకు తగిలితే ఔట్! విచిత్రమేమిటంటే మార్కుల్లో సగం మనిషికి, సగం ఎద్దుకు. అది ఎంత బాగా ఎగిరిపడితే అన్ని మార్కులు. ఎద్దు నడుముకు పట్టీ బిగించి రెచ్చగొట్టడం హింసేనని జంతుప్రేమికులు ఎప్పట్నుంచో అభ్యంతరం చెబుతున్నారు.

ఇంతకీ ఆ ఎద్దు ఎవరు? చాలావాటి వీపు మీద మూపురం కనిపిస్తుంది. ఐరోపా పశువుకు అలాంటి మూపురం ఉండదు. అది మన దేశపు ఆనవాలు! 1854లో లూసియానాకు, 1906లో టెక్సాస్‌కు భారత ఆంబోతులు వెళ్లాయి. గిర్, కాంక్రేజ్, ఒంగోలు, కృష్ణాలోయ జాతుల కలయికతో అక్కడ 'బ్రాహ్మన్' పశువు తయారైంది. 1924లో దానికో సంఘమే ఏర్పడింది. ఎండకు తట్టుకుంటుంది, పిడుదులకు లొంగదు, కోపమొస్తే ఆకాశానికి ఎగురుతుంది. రోడియోకు ఇంకేం కావాలి?

బ్రెజిల్‌లోనైతే మన ఒంగోలుదే రాజ్యం. 1868లో ఓ ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు రెండు ఒంగోలు పశువులు అక్కడ అమ్ముడుపోయాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండటంతో అక్కడ దాని పేరు 'నెలోర్' అయింది. ఇరవై కోట్లకు పైగా ఉన్న బ్రెజిల్ పశువుల్లో అత్యధికం ఆ జాతివో, దాని సంకరాలో. 1956 నుంచి బర్రెటోస్‌లో జరిగే రోడియో ఆ దేశానికి పెద్ద జాతర. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు కట్టిన విలువ 40 లక్షల డాలర్లు దాటింది! ఇక్కడేమో కృష్ణ, ఘటప్రభ, మలప్రభ తీరాల్లో నల్లరేగడిని దున్నిన కృష్ణాలోయ ఎద్దు వెతికితే తప్ప కనిపించనంత అరుదైపోయింది.

ఎవరూ ఎక్కని ఎద్దు

జ్యేష్ఠ పౌర్ణమి నాడు ఈ వైపు రావాలి. మనకది ఏరువాక పున్నమి. తాండూరు దాటితే సేడం, చించోళి... కన్నడ పల్లెల్లో అదే రోజు కార హుణ్ణిమె. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, ముందుగా వాటికే తినిపిస్తారు. సరిహద్దు అవతలి ఊళ్లలో సాయంత్రం ఊరి గవిని దగ్గర వేపాకుల తోరణం కడతారు. ఎడ్లు ఒక్కసారిగా ఉరుకుతాయి. ఏది ముందొచ్చి తోరణం తెంపితే దానిదే గెలుపు. తెల్లది నెగ్గితే యాసంగి, ఎర్రది నెగ్గితే వానాకాలం పంట బాగా పండుతుందని పెద్దల నమ్మకం. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ పండక్కి కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రాళ్లు ఎగబడతారు. అక్కడ కాస్త దుడుకు ఎక్కువ. ఇక్కడ మాత్రం ఎద్దు వీపు మీద మనిషి ఉండడు. ఏడాదంతా కాడి మోసిన మెడ ఆ ఒక్కపూట ఖాళీగా ఉంటుంది.

రోడియో అయినా, ఏరువాక అయినా మనిషి తన పాత పనిని మరచిపోలేక చేసుకునే పండగే. అక్కడ పని పోయి వందేళ్లు దాటాక ఆట నిలిచింది. ఇక్కడ పండగ ఇంకా ఉంది, ఎద్దులే తగ్గిపోతున్నాయి. దుక్కికి ట్రాక్టర్, మోతకు ఆటో వచ్చాక ఒక జత ఎడ్లను ఏడాది పొడుగునా మేపడం చిన్న రైతుకు భారం. కంచలు ప్లాట్లవుతుంటే మేత కూడా కొనుక్కోవాల్సిందే. ఊరంతటికీ ఒక ఆంబోతును వదలాలంటే ముందు ఊరికి కాస్త పచ్చిక మిగలాలి కదా!

ఈసారి ఎవరినైనా 'అచ్చోసిన ఆంబోతు' అని తిట్టాలనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. సముద్రాలు దాటి, రెండు దేశాల మందలను నిలబెట్టింది దాని వంశమే మరి!