ఊపిరికి మందు, గుండెకు దడ

మా అమ్మీజాన్ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చొని మా అందరి కడుపులు నింపారు. ఆ పొగ ఫలితమో, మరే కారణమో గాని, అరవయ్యేళ్లు దాటేసరికి ఆయాసం ఆమెను పట్టుకుంది. వైద్యులు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రాసిచ్చారు. పీల్చిన కొద్ది నిమిషాలకే ఊపిరి తేలికయ్యేది. దానితో పాటే చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. పిల్లలు కంగారుపడతారని ఆమె ఆ సంగతి మాకు చెప్పలేదు. చివరకు ఎవరికీ తెలియకుండా మందే మానేశారు. మేమూ అడగలేదు.

నిరుటి చలికాలంలో ఒక రాత్రి ఆమె పిల్లికూతలతో ఉక్కిరిబిక్కిరయ్యారు. మేము నెబ్యులైజర్ పెట్టాము. తగ్గకపోతే మళ్లీ పెట్టాము. ఇంట్లో ఉన్న థియోఫిల్లిన్ మాత్రలు కూడా వేశాము. అంతకు రెండు రోజుల ముందు నుంచి, దుకాణంలో అడిగి తెచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్‌ను జ్వరానికి వాడుతున్నారు. కాళ్ల వాపుకు నీరు పోయే మాత్ర ఎలాగూ ఉంది. ఫజ్ర్ అజాన్ వేళకు ఆయాసం కాస్త తగ్గింది గాని, నాడి లయ తప్పింది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఇసిజి తీశారు, రక్తం పరీక్షించారు. పొటాషియం బాగా పడిపోయిందన్నారు.

ఆమె కుదుటపడ్డాక వైద్యురాలు మమ్మల్ని కూర్చోబెట్టి వివరించారు. శ్వాసనాళాల కండరాలను సడలించే ఈ మందు అక్కడితో ఆగదు. అది పట్టుకునే గ్రాహకాలు గుండెలోనూ కొన్ని ఉన్నాయి. కాళ్లూ చేతుల కండరాలలోని రక్తనాళాలను కూడా అది వెడల్పు చేస్తుంది. అప్పుడు రక్తపోటు పడిపోకుండా గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. రక్తంలోని పొటాషియం కణాలలోకి చేరుతుంది. నీరు పోయే మాత్ర ఆ లోటును పెంచుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వల్ల థియోఫిల్లిన్ శరీరంలో పేరుకుపోతుంది. ఆ మందు మోతాదు కొంచెం మించినా గుండె లయ తప్పవచ్చు. ఇంతకూ ఆయాసం ముదిరి ప్రాణవాయువు తగ్గితే, దానివల్ల కూడా గుండె పరుగెత్తుతుంది. కాబట్టి నేరమంతా మందుదే అనుకోవద్దన్నారు ఆమె.

ఈ హెచ్చరిక కొత్తది కాదు. 1960వ దశకంలో ఇంగ్లండ్‌తో సహా కొన్ని దేశాలలో ఐసోప్రెనలిన్ అనే మందు అధిక మోతాదు ఇన్‌హేలర్లు వాడుకలోకి వచ్చిన కాలంలోనే ఉబ్బస మరణాలు పెరిగాయి. ఆ మందు ఊపిరితిత్తులతో సమానంగా గుండెనూ ప్రేరేపించేది. 1969లో వచ్చిన సాల్బుటమాల్ ప్రధానంగా శ్వాసనాళాల మీద పనిచేసేలా రూపొందింది. అయినా మోతాదు పెరిగితే ఆ తేడా చెరిగిపోతుంది. ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో సాధారణంగా 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. నెబ్యులైజర్‌లో పోసే ఒక గొట్టంలో 2.5 మిల్లీగ్రాములు, అంటే 25 రెట్లు. ఆ లెక్క మాకు ఆ రాత్రి తెలియదు.

ఇప్పుడు అమ్మీజాన్ స్పేసర్ అమర్చుకొని పీలుస్తున్నారు. వాపును అదుపులో ఉంచే మందును రోజూ వాడటం వల్ల సాల్బుటమాల్ అవసరమే తగ్గింది. ఆమె వేసుకునే మందులన్నీ ఒకే కాగితం మీద రాసి ఉంచాము. ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా ముందు ఆ కాగితమే చూపిస్తాము. రక్తపోటుకూ గుండెకూ ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లు శ్వాసనాళాలను బిగించగలవు గనుక, గుండె వైద్యునికి ఆయాసం సంగతి, ఆయాసం వైద్యునికి గుండె సంగతి తెలియాలి. మామూలు మోతాదుకు ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, నాడి తప్పినా ఇంట్లో మరో మోతాదు ఇస్తూ కూర్చోము, ఆసుపత్రికే వెళ్తాము.

మీ ఇంట్లోనూ ఇన్‌హేలర్ వాడే పెద్దలు ఉండవచ్చు. కాస్త వణుకు, కొద్దిసేపు దడ చాలామందిలో కనిపించేవే. అవి వచ్చాయని మందు మానడమూ ప్రమాదమే, ఆయాసం తగ్గలేదని ఇష్టానుసారం పెంచడమూ ప్రమాదమే. మన తల్లిదండ్రులు తమ బాధను తామై చెప్పరు. “మందు పీల్చాక గుండె ఎలా ఉంటోంది?” అని మనమే అడగాలి. మేము ఆ మాట అడగడానికి ఒక భయంకరమైన రాత్రి దాకా ఆగాము. మీరు ఈ రోజే అడగండి.